కార్తేజ్ చూసొచ్చాను, కార్తేజ్ మాత్రం కనిపించలేదు: ఉప్పు కథ నిజమేనా, పాత నగరం ఎక్కడ?

వలసపిట్ట
ఉద్యోగరీత్యా ట్యూనిస్‌లో ఉంటున్నాను కనుక మొన్న కార్తేజ్ చూసి వచ్చాను. కార్తేజ్ సేనాని హన్నిబల్ పేరు వింటూ పెరిగినవాణ్ణి. రోముతో నూరేళ్ళకు పైగా తలపడిన ఓడరేవు నగరం ఆనవాళ్ళు చూద్దామని వెళితే, నాకు చూపించినవన్నీ రోమన్ల కట్టడాలే. సముద్రపు ఒడ్డున ఉన్న ఆంటొనైన్ స్నానశాలలు రోమన్లవి, నాటకశాల రోమన్లది, జఘ్వాన్ కొండల నుంచి నీళ్ళు తెచ్చిన కాలువ రోమన్లది. "మరి హన్నిబల్ నాటి ఊరు ఏది?" అని అడిగితే, క్రీ.పూ. 146లో రోమన్లు నగరాన్ని తగలబెట్టి, దున్ని, మళ్ళీ గడ్డి కూడా మొలవకుండా ఉప్పు చల్లారు కాబట్టి ఏమీ మిగల్లేదని గైడు తేల్చేశాడు. ఆ తర్వాత ఇళ్ళ మధ్యనున్న రెండు చెరువుల వంటి మడుగులు చూపించి, మధ్యధరా సముద్రాన్ని ఏలిన నౌకాదళం ఇక్కడే ఉండేదన్నాడు. ఆ గుండ్రటి మడుగులో రెండు వందల యుద్ధనౌకలు పట్టాయంటే నమ్మబుద్ధి కాలేదు. ఈ రెండు మాటల్లో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరా?

పాతరాళ్ళు
ముందు ఉప్పు సంగతి చెబుతాను. ప్రాచీన రచయితల్లో ఒక్కరు కూడా ఉప్పు మాట ఎత్తలేదు. ముట్టడి చివరి రోజుల్లో గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్ పక్కనే ఉండి నగరం కాలిపోవడం కళ్ళారా చూశాడు. ఆయన రచనలో ఆ భాగం తునకలుగానే దొరికినా, ఆయన్ను ఆధారం చేసుకున్నాడని పండితులు భావించే తర్వాతి కాలపు చరిత్రకారుడు అప్పియన్ మాత్రం ఆరు రోజుల వీధి పోరాటాన్నీ, చివరికి లొంగిపోయి బయటికి వచ్చిన 50,000 మందినీ, గుడి మీదికెక్కి తమకు తామే నిప్పుపెట్టుకున్న 900 మంది రోమన్ ఫిరాయింపుదారులనూ పూసగుచ్చినట్టు వర్ణించాడు. ఇంత రాసినవాడు ఉప్పును మరచిపోయాడనుకోలేం. అక్కడ మళ్ళీ నివాసముండేవారిని శపించారని మాత్రం రాశాడు.

ఓడించిన ఊరిమీద ఉప్పు చల్లడం బైబిల్లో షెకెము పట్టణం విషయంలో ఉంది. 1299లో పోప్ ఎనిమిదవ బోనిఫేస్ తన శత్రువుల పట్టణం పాలెస్త్రీనాను నేలమట్టం చేయించి, ఆఫ్రికాలోని పాత కార్తేజ్ మాదిరిగా దాన్ని దున్నించాననీ, పైగా ఉప్పు కూడా చల్లించాననీ చెప్పుకున్నాడు. అక్కడ కార్తేజ్‌తో పోలిక నాగలి వరకే. తర్వాతి వాళ్ళు రెండింటినీ కలిపేసుకున్నారు. చివరికి 1930లో వెలువడిన కేంబ్రిడ్జి ప్రాచీన చరిత్ర సంపుటంలోకి కూడా ఉప్పు ఎక్కింది. 1986లో రిడ్లీ అనే చరిత్రకారుడు దాని మూలం వెతుక్కుంటూ పోయి, ఏ ప్రాచీన ఆధారమూ లేదని తేల్చి చెప్పాడు.

కాఫీతోట
ఒక మహానగరం మొత్తానికి చల్లాలంటే ఎన్ని బస్తాల ఉప్పు కావాలో రోమన్ సెనేటులో ఖర్చు లెక్క చూసే గుమాస్తాను అడగాల్సింది. అతను ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదు.

లెక్కలమాస్టారు
హాస్యానికి అన్నా, గుమాస్తా మాటలో తర్కం ఉంది. గెలిచిన వెంటనే రోమన్లు ఆ ప్రాంతాన్ని ఆఫ్రికా అనే పేరుతో తమ రాష్ట్రంగా మార్చుకుని, భూములు కొలిపించి, శిస్తు వసూలు చేసుకున్నారు. మరి కొన్ని తరాలకు రోము నగరం తినే ధాన్యంలో పెద్ద భాగం ఆ నేల నుంచే ఓడలెక్కి వచ్చేది. పంట కోసం చేజిక్కించుకున్న పొలాన్ని ఎవరూ చేజేతులా చవుడు చేసుకోరు. క్రీ.పూ. 122లో, అంటే విధ్వంసం జరిగి పాతికేళ్ళు తిరగకముందే, రోమన్ నాయకుడు గైయస్ గ్రాకస్ అక్కడ జూనోనియా పేరుతో రోమన్ రైతులకు వలస ఊరు కట్టించబోయాడన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అది రాజకీయ కారణాల వల్ల ఆగిపోయింది, ఉప్పు వల్ల కాదు.

దక్కనీ
నాకు ఈ "అంతా కట్టుకథ" ధోరణి అంతగా నచ్చదు. ఉప్పు లేకపోవచ్చు, కానీ శాపం పెట్టారు, కాల్చారు, బ్రతికినవాళ్ళను బానిసలుగా అమ్మారు. మంటలు 17 రోజులు మండాయని ఒరోసియస్ రాశాడు. ఉప్పు కథ తప్పని నిరూపించే ఉత్సాహంలో అసలు దారుణం చిన్నబోతోంది.

పాతరాళ్ళు
దక్కనీ గారూ, చిన్నబోవడం లేదు. ఉప్పును పక్కన పెడితేనే అసలు జరిగింది ఏమిటో తవ్వకాల్లో కనిపిస్తుంది. ఒరోసియస్ మాత్రం సంఘటన జరిగిన ఐదున్నర శతాబ్దాలకు రాసినవాడు కాబట్టి ఆ 17ను నేను వేలుపెట్టి చూపించను. కాలిన పొర మాత్రం నిజం. బిర్సా గుట్ట సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి.

గుట్టమీదిగుడి
బిర్సా గురించి నేను రాస్తాను. వలసపిట్ట గారి ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

బిర్సా అంటే కార్తేజ్ కోట ఉన్న గుట్ట. 1972లో యునెస్కో పిలుపుతో అంతర్జాతీయ తవ్వకాలు మొదలయ్యాక, సెర్జ్ లాన్సెల్ నాయకత్వంలో ఫ్రెంచి బృందం గుట్ట దక్షిణపు వాలును తవ్వింది. అక్కడ మీటర్ల కొద్దీ పోతమట్టి కింద ఏకంగా ఒక పేటే బయటపడింది. క్రీ.పూ. 2వ శతాబ్దం మొదట్లో, అంటే హన్నిబల్ నగరానికి పాలనాధికారిగా ఉన్న కాలానికి దగ్గరగా కట్టిన ఇళ్ళు కావడంతో, దానికి హన్నిబల్ పేట అని పేరు వచ్చింది. వీధులు ఆరేడు మీటర్ల వెడల్పున తిన్నగా పోతాయి. వాలు ఎక్కువైన చోట వీధికే మెట్లు కట్టారు కాబట్టి అక్కడ బండి తిరిగే ప్రశ్నే లేదు. ప్రతి ఇంటికిందా సన్నగా పొడవుగా, రెండు కొసలూ గుండ్రంగా ఉన్న నీటి తొట్టి ఉంది. కప్పు మీద కురిసిన వాన అందులోకి దిగుతుంది. లోపలి గోడలకు నీరు ఇంకకుండా చేసిన గచ్చు ఈనాటికీ చేతికి నున్నగా తగులుతుంది. నేల మీద పగిలిన కుండపెంకులనూ చిన్న చిన్న తెల్లరాతి ముక్కలనూ సున్నంలో కలిపి పరిచిన గచ్చు ఉంటుంది.

ఈ పేట ఎందుకు మిగిలిందన్నది ఇంకా ఆసక్తికరం. అగస్టస్ చక్రవర్తి కాలంలో రోమన్లు కొత్త నగరం కట్టేటప్పుడు, గుట్ట తల నరికి చదును చేసి పైన తమ ప్రధాన కూడలి కట్టుకోవాలనుకున్నారు. నరికిన మట్టినీ శిథిలాలనూ చుట్టూ వాలు మీదికి నెట్టి, జారిపోకుండా గోడలు కట్టారు. అలా శిఖరం మీదున్న కార్తేజ్ పూర్తిగా పోయింది, వాలు మీదున్న కార్తేజ్ మట్టికింద భద్రంగా పడుకుంది. అంటే పాత నగరాన్ని ఎక్కువగా చెరిపింది 146 నాటి నిప్పు కాదు, వందేళ్ళ తర్వాత వచ్చిన ఇంజనీర్లు.

వలసపిట్ట
ఆ ఇళ్ళ మధ్యలో లావుపాటి రాతి దిమ్మెలు నిలబడి ఉన్నాయి. అవేమిటో గైడు చెప్పలేదు.

గుట్టమీదిగుడి
అవే రోమన్ల పునాది స్తంభాలు. పైన వేసిన చదును బరువు మోయడానికి పాత ఇళ్ళ గదుల్లోంచి నేరుగా దింపేశారు. ఒక్కచోట నిలబడితే రెండు నగరాలూ ఒకదాన్నొకటి పొడుచుకుంటూ కనిపిస్తాయి. ఇళ్ళ కింద ఇంకా లోతుకు పోతే ఇనుప చిట్టెంతో నిండిన కమ్మరి కొలుముల పొర, దాని కింద క్రీ.పూ. 7, 6 శతాబ్దాల సమాధులు వచ్చాయి. శ్మశానం, ఆపైన కార్ఖానాలు, ఆపైన కాపురాలు. నగరం ఎలా పెరిగిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

సందేహాలరావు
నగరం క్రీ.పూ. 814లో టైర్ (నేటి లెబనాన్‌లోని ఫినీషియన్ల ఓడరేవు) నుంచి వచ్చిన ఎలిస్సా రాణి స్థాపించిందని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అదైనా నిజమేనా, లేక ఉప్పుతో పాటు దాన్నీ నీళ్ళలో కలపాలా?

పాతరాళ్ళు
దాన్ని కలపనక్కర లేదు. ఆ సంవత్సరం గ్రీకు చరిత్రకారుడు టిమేయస్ లెక్క నుంచి వచ్చింది. చాలాకాలం అక్కడ దొరికిన అతి పాత గ్రీకు కుండపెంకులు క్రీ.పూ. 8వ శతాబ్దం మధ్యకాలం దాటి వెనక్కి పోకపోవడంతో, టిమేయస్ అరవై డెబ్భై ఏళ్ళు ఎక్కువ చెప్పాడనుకున్నారు. తర్వాత గుట్ట కింద బిర్ మసూదా దగ్గర దొరికిన పశువుల ఎముకలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే క్రీ.పూ. 9వ శతాబ్దం చివరి కాలం వచ్చింది. రాణి ఉందో లేదో ఎముకలు చెప్పవు కానీ, కాలం విషయంలో టిమేయస్ పరువు నిలిచింది.

కోరంగి
రేవు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను. మాది తాళ్ళరేవు వైపు. చెక్క పడవలు కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇప్పుడు ఓడల మరమ్మతు పనిలోనే ఉన్నాను. ఆ మడుగును చూసి "ఇందులో 200 నౌకలా" అనిపించడం సహజమే. అయితే ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. యుద్ధనౌకలు నీళ్ళలో నిలబడి ఉండేవి కావు. వాటిని ఒడ్డుకెక్కించి పెట్టేవారు.

అప్పియన్ వర్ణన ఇలా ఉంటుంది: సముద్రం వైపు 70 అడుగుల వెడల్పు ముఖద్వారం, దానికి ఇనుప గొలుసులు. లోపలికి రాగానే మొదట వర్తకుల రేవు, దాన్ని దాటితే నడుమ దీవి ఉన్న గుండ్రటి సైనిక రేవు. దీవి చుట్టూ, బయటి గట్టు చుట్టూ 220 నౌకలకు సరిపడే కొట్టాలు, ప్రతి కొట్టం ముందూ రెండేసి అయోనిక్ (గ్రీకు శైలి) స్తంభాలు. దాంతో చూసేవారికి రేవు పొడుగునా ఒకే వసారా ఉన్నట్టు అనిపించేది. దీవి మీద నౌకాధిపతి భవనం ఉండేది. అక్కడి నుంచి బూర ఊది సంకేతాలు ఇచ్చేవారు, దండోరా వేసేవారు. వర్తకుల రేవులో ఉన్నవారికి లోపలి నౌకలు కనిపించకుండా జంట గోడ ఉండేది.

ఇదంతా అతిశయోక్తి అని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. 1970లలో హెన్రీ హర్స్ట్ ఆధ్వర్యంలో బ్రిటిష్ బృందం దీవిని తవ్వినప్పుడు, మధ్య నుంచి నీటి వైపు వాలుగా దిగే బాటలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా బయటపడ్డాయి. ఒక్కొక్కటి సుమారు 6 మీటర్ల వెడల్పు, అంటే అప్పటి యుద్ధనౌక సరిగ్గా పట్టేంత. దీవి మీద 30, బయటి వలయంలో 140 దాకా లెక్కగడితే మొత్తం 170 వరకు తేలుతుంది. అప్పియన్ చెప్పిన 220 కాకపోయినా, మీకు నమ్మబుద్ధి కాని ఆ 200కు మాత్రం మరీ దూరం కాదు.

ఒడ్డుకెక్కించడం దేనికంటే, చెక్క నీళ్ళు పీల్చి బరువెక్కితే తెడ్లతో నడిచే నౌకకు వేగం పోతుంది. పైగా ఉప్పునీటిలో కలపను తొలిచే పురుగు కొన్ని నెలల్లోనే అడుగును జల్లెడ చేస్తుంది. వాలు బాట మీద ఎక్కించి, ఆరబెట్టి, సందులు పూడ్చి, తారు పూసి, పైన కప్పు వేసి ఉంచితే నౌక ఏళ్ళ తరబడి యుద్ధానికి సిద్ధంగా ఉంటుంది.

కాఫీతోట
మొత్తం మీద ఉప్పు కార్తేజ్‌కు చేసిన చెరుపు ఇదొక్కటే అన్నమాట.

సందేహాలరావు
కోరంగి గారూ, ఒక చిక్కు ఉంది. రెండో ప్యూనిక్ యుద్ధంలో (ప్యూనిక్ అంటే కార్తేజ్ వాళ్ళకు సంబంధించినది) ఓడిపోయాక క్రీ.పూ. 201 ఒప్పందం ప్రకారం కార్తేజ్ పదికి మించి యుద్ధనౌకలు ఉంచుకోకూడదు. ఆ రేవేమో చివరి యాభై ఏళ్ళలో కట్టిందని ఎక్కడో చదివాను. పది నౌకల కోసం 170 కొట్టాలు ఎవరైనా కడతారా?

కోరంగి
అసలు ముడి అక్కడే ఉంది. వాలు బాటల కింది మట్టిలో దొరికిన కుండపెంకులను బట్టి, ఇప్పుడు మనం చూస్తున్న రూపం క్రీ.పూ. 2వ శతాబ్దపు మొదటి సగానిదని హర్స్ట్ బృందం తేల్చింది. దానికి ముందు అక్కడ రేవు లేదు, సముద్రం నుంచి లోపలికి వచ్చే వెడల్పాటి కాలువ ఒకటి ఉండేది. అంటే ఒప్పందం అమల్లో ఉండగానే ఇంత పెద్ద సైనిక రేవు తవ్వారన్నమాట. వర్తకులకు కనిపించకుండా జంట గోడ ఎందుకు కట్టారో దీంతో నాకు అర్థమైంది. కొట్టాలు ముందు కట్టి, నౌకలు అవసరం వచ్చినప్పుడు కట్టుకుందామని అనుకొని ఉండవచ్చు.

వాళ్ళు నౌకలు ఎంత త్వరగా కట్టగలరో చెప్పడానికి సిసిలీలో మర్సాలా దగ్గర ఆనర్ ఫ్రాస్ట్ 1971లో వెలికితీయడం మొదలుపెట్టిన నౌక ఒకటి చాలు. దాని పలకల మీద ఏది ఎక్కడ అతకాలో వడ్రంగులు రంగుతో ఫినీషియన్ అక్షరాలు రాసుకున్నారు. ముక్కలన్నీ ముందే కోసి, గుర్తులు పెట్టి, తర్వాత బిగించారు. మా తాతగారి కాలంలో మావాళ్ళు కూడా పక్కటెముకలకు సుద్దతో గుర్తులు పెట్టేవారు కానీ, ఈ స్థాయిలో కాదు.

దక్కనీ
అయితే రోమన్ల భయం వట్టిది కాదన్నమాట! రోమన్ సెనేటర్ కేటో సెనేటులో పచ్చి అంజూరపు పండు పడేసి, ఇది కోసి మూడు రోజులే అయింది, శత్రువు అంత దగ్గరలో ఉన్నాడు అని ఊరికే అనలేదు.

లెక్కలమాస్టారు
దక్కనీ గారూ, అంత తొందరగా కేటో వైపు పోకండి. అంజూరం కథ గ్రీకు రచయిత ప్లుటార్క్ కూడా రాశాడు. ఆయన కథలోనే పండు ఎంత పెద్దదో, ఎంత బాగుందో సెనేటర్లు మెచ్చుకున్నారని ఉంది. భయంతో పాటు ఆశ కూడా పనిచేసింది. 201 ఒప్పందం ప్రకారం కార్తేజ్ 50 ఏళ్ళలో 10,000 టాలెంట్ల (అప్పటి బరువు కొలత) వెండి కప్పంగా కట్టాలి. క్రీ.పూ. 191లో, అంటే గడువులో అయిదో వంతు కాలానికే, మిగిలినదంతా ఒక్కసారే కట్టేస్తామని వాళ్ళు ముందుకొస్తే రోమ్ ఒప్పుకోలేదు. అప్పు తీరితే అదుపు పోతుందనే లెక్క అది. ఓడిపోయి, స్పెయిన్‌లోని వెండి గనులు పోగొట్టుకుని కూడా అంత త్వరగా కోలుకున్న నగరం, తన సొంత సొమ్ముతో ఇళ్ళూ రేవూ కట్టుకుంటే దాన్ని యుద్ధ సన్నాహమని మాత్రమే చదవడం రోమన్ల కళ్ళద్దాలు పెట్టుకోవడమే.

దక్కనీ
170 నౌకల కొట్టాలను వర్తకమని చదవడం ఎవరి కళ్ళద్దాలో మరి.

పాతరాళ్ళు
ఇద్దరికీ సగం సగం. క్రీ.పూ. 149లో రోమన్లు ఆయుధాలు అప్పగించమంటే కార్తేజ్ 2,00,000 మందికి సరిపడే కవచాలూ ఆయుధాలూ, 2,000 రాళ్ళు విసిరే యంత్రాలూ అప్పగించిందని అప్పియన్ అంటాడు. సంఖ్య పెంచి రాసి ఉండవచ్చు కానీ, చేతిలో ఏమీ లేని ఊరైతే కాదు. అయితే అన్నీ తీసుకున్న తర్వాతే, నగరం వదిలి సముద్రానికి పది మైళ్ళ లోపలికి పొండని ఆజ్ఞాపించారు. ఓడరేవు జనాన్ని సముద్రం వదలమంటే ఇక పోరాడటం తప్ప ఏం మిగులుతుంది? స్కిపియో రేవు ముఖద్వారానికి అడ్డంగా రాతికట్ట వేస్తే, ఆడవాళ్ళూ పిల్లలూ సహా రాత్రింబవళ్ళు తవ్వి, సైనిక రేవు నుంచి సముద్రంలోకి మరో దారి తెరిచారు. పాత కలపతో కట్టిన 50 నౌకలు ఆ దారిన బయటికి వస్తుంటే రోమన్లు నివ్వెరపోయారు. కానీ ఆ రోజే దాడి చేయక, బలం చూపించి వెనక్కి వెళ్ళి, మూడో రోజున యుద్ధానికి వచ్చారు. అప్పటికి రోమన్లు తేరుకున్నారు.

నీలిగవ్వ
అందరూ యుద్ధాల చుట్టూ తిరుగుతున్నారు. పిల్లల్ని బలిచ్చేవారన్న మాట సంగతేమిటి? సలాంబో స్టేషన్ దగ్గరి తోఫెత్ చూసినప్పటి నుంచి నన్ను అదే వెంటాడుతోంది. చిన్న చిన్న రాళ్ళు, ఒక్కోదాని మీద త్రిభుజం పైన అడ్డగీత, దానిపైన గుండ్రటి తల ఉన్న తనిత్ దేవత గుర్తు.

పాతరాళ్ళు
1921లో బయటపడ్డ స్థలం అది. ఆరు శతాబ్దాల పాటు, పొరమీద పొరగా, కాలిన పసిపిల్లల ఎముకలూ గొర్రెపిల్లల, మేకపిల్లల ఎముకలూ ఉన్న కుండలను పాతిపెట్టారు. 1970లలో లారెన్స్ స్టేజర్ బృందం మళ్ళీ తవ్వింది. బలి ఇచ్చారని గ్రీకు, రోమన్ రచయితలు రాశారు. క్రీ.పూ. 310లో సిరక్యూజ్ పాలకుడు అగాథోక్లీజ్ నగరం మీదికి వచ్చినప్పుడు పెద్దింటి పిల్లలు 200 మందిని అర్పించారని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ అన్నాడు. వీళ్ళంతా శత్రుపక్షంవారేనన్నది గమనించాలి.

నేలమాళిగ
శత్రువులు రాసిందేనని పక్కన పెట్టడానికి వీల్లేకుండా ఎముకలున్నాయి కదా అంటారు. ఆ ఎముకల్నే చూద్దాం. 2010లో జెఫ్రీ ష్వార్ట్జ్ బృందం 348 కుండల్లోని 540 మంది శిశువుల అవశేషాలను పరిశీలించి, చాలామంది పుట్టకముందో పుట్టిన కొద్ది రోజులకో చనిపోయినవాళ్ళని చెప్పింది. అప్పట్లో పసిపిల్లల మరణాలు ఎంత ఎక్కువో తెలిసిందే. అది బలిపీఠం కాదు, పెద్దల శ్మశానంలో చోటు దక్కని పసివాళ్ళ శ్మశానం అని నా అభిప్రాయం.

పాతరాళ్ళు
నేలమాళిగ గారూ, ఆ మరుసటి ఏడాదే అదే ఎముకల మీద ప్యాట్రీషియా స్మిత్, స్టేజర్ తదితరులు వేరే ఫలితం ప్రకటించారు. నిప్పులో పళ్ళూ ఎముకలూ కుదించుకుపోవడాన్ని లెక్కలోకి తీసుకుంటే, వయసు ఎక్కువగా నెల, నెలన్నర దగ్గర గుమిగూడుతోందని వారి వాదన. సహజ మరణాలైతే పుట్టిన మొదటి రోజుల్లోనే ఎక్కువ ఉండాలి. ఇక నాకు అన్నిటికన్నా బరువైన సాక్ష్యం ఆ రాళ్ళ మీది శాసనాలే. బాల్ హమ్మోన్ దేవుడికీ తనిత్‌కూ ఫలానావాడు మొక్కుకున్నాడు, దేవుడు అతని మొర విని దీవించాడు అని ఉంటుంది. చనిపోయిన బిడ్డ గురించి శోకం ఒక్క మాట లేదు. అది మొక్కు చెల్లించిన రాయి, సమాధి రాయి కాదు. కొన్ని కుండల్లో బిడ్డకు బదులు గొర్రెపిల్ల ఒక్కటే ఉండటం కూడా మొక్కునే సూచిస్తుంది.

నేలమాళిగ
చనిపోయిన బిడ్డను దేవుడికి అప్పగించి మరో బిడ్డ కోసం మొక్కుకున్నా శాసనం అదే మాటల్లో ఉంటుంది కదా?

పాతరాళ్ళు
ఉండవచ్చు. గొర్రెపిల్ల సంగతే అప్పుడు తేలదు.

నీలిగవ్వ
ట్యూనిస్ బార్దో మ్యూజియంలో ఒక రాతిపలక ఉంది. పొడవాటి అంగరఖా వేసుకున్న పూజారి కుడిచెయ్యి ఎత్తి, ఎడమచేతిలో పసిబిడ్డను పట్టుకుని ఉంటాడు. ఆ బిడ్డ బ్రతికి ఉన్నదో లేదో చెప్పడానికి ఆ గీతల్లో ఏమీ లేదు. నేను మటుకు చాలాసేపు చూశాను.

నిర్వాహకుడు
ఇప్పటి మతాల ప్రస్తావన తెచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. కార్తేజ్ గురించి మాత్రమే రాయండి.

సందేహాలరావు
వాళ్ళంతా లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళే కాదని ఈమధ్య జన్యు పరిశోధన వచ్చింది కదా, దాని సంగతి?

నేలమాళిగ
2025లో నేచర్ పత్రికలో వచ్చింది. మొత్తం 210 మంది అవశేషాల జన్యువులు (అందులో 196 మంది ఫినీషియన్, ప్యూనిక్ స్థలాల్లో దొరికినవారు) చూస్తే, మధ్యధరా పశ్చిమ తీరాల్లోని ప్యూనిక్ జనంలో టైర్ వైపు నుంచి వచ్చిన వంశపు వాటా దాదాపు లేదు. సిసిలీ, ఏజియన్ ప్రాంతాల వంశం ఎక్కువ, ఉత్తర ఆఫ్రికా వంశం కొంత. భాష, దేవుళ్ళు, లిపి టైర్ నుంచి వచ్చాయి, మనుషులు మాత్రం దారిపొడుగునా ఉన్న రేవుల వాళ్ళు. ఓడరేవు నగరం అంటే అదే కదా.

గుట్టమీదిగుడి
ఒక్క జాగ్రత్త. తొలి శతాబ్దాల్లో ఫినీషియన్లు ఎక్కువగా దహనం చేసేవారు. కాలిన ఎముకలో జన్యువులు దొరకవు. కాబట్టి మొదట ఓడ దిగినవాళ్ళ సంగతి ఈ లెక్కలో సరిగా రాదు.

కాఫీతోట
ఇంత పోరు జరిగిందా, రోమ్, కార్తేజ్ మేయర్లు కూర్చుని శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టింది మాత్రం 1985 ఫిబ్రవరిలో. మన సివిల్ కోర్టులే నయం.

వలసపిట్ట
అందరికీ కృతజ్ఞతలు. మళ్ళీ వెళ్ళేటప్పుడు ప్యూనిక్ నగరం మాత్రమే చూడాలంటే ఏ వరుసలో చూడమంటారు? రోమన్ల జోలికి పోను.

నీలిగవ్వ
ట్యూనిస్ నుంచి లా మర్సా వెళ్ళే చిన్న రైలెక్కి కార్తేజ్ సలాంబోలో దిగండి. తోఫెత్, దానికి దగ్గర్లోనే రెండు రేవులూ నడిచే దూరం. గుండ్రటి రేవు దీవి మీద చిన్న గదిలో పాత రేవు నమూనా పెట్టారు, కోరంగి గారు రాసినదంతా అందులో కనిపిస్తుంది. అక్కడి నుంచి బిర్సా ఎక్కి దక్షిణపు వాలు చూడండి. పైనున్న మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఒకే టికెట్టు అన్ని చోట్లకూ పనికొస్తుంది కాబట్టి మొదటి చోట కొన్నది పారేయకండి. స్నానశాలల వైపు వెళితే మాత్రం పక్కనే అధ్యక్ష భవనం ఉంది, అటు కెమెరా తిప్పితే కాపలావాళ్ళు ఊరుకోరు.

గుట్టమీదిగుడి
సముద్రపు ఒడ్డున ఫ్రీడ్రిష్ రాకోబ్ నాయకత్వంలో జర్మన్లు తవ్విన మాగోన్ పేట కూడా చేర్చుకోండి. సముద్రపు గోడ, దాని వెనుక ఇళ్ళ పునాదులు ఉన్నాయి. స్నానశాలలకు దగ్గరే.

పాతరాళ్ళు
రోమన్ పొర అసలు లేని ప్యూనిక్ ఊరు కావాలంటే కార్తేజ్‌లో కాదు, కాప్ బాన్ ద్వీపకల్పం కొసన ఉన్న కెర్కువాన్‌కు పోవాలి. మొదటి ప్యూనిక్ యుద్ధ కాలంలో, క్రీ.పూ. 3వ శతాబ్దం మధ్యలో జనం వదిలేశారు, మళ్ళీ ఎవరూ కట్టలేదు. 1952లో బయటపడింది. వీధులు, ముంగిళ్ళు, ఇంటింటికీ ఎర్రటి గచ్చు పూసిన కూర్చునే స్నానపు తొట్లు అలాగే ఉన్నాయి. తొట్టిలోనే కూర్చోవడానికి మెట్టు, చెయ్యి ఆనించడానికి గట్టు కూడా కట్టారు. ఒక ఇంటి గుమ్మం దగ్గర నేల మీద తనిత్ గుర్తు తెల్లటి ముక్కలతో పొదిగి ఉంది.

వలసపిట్ట
కెర్కువాన్‌కు రైలు ఉందా?

నీలిగవ్వ
లేదు. ట్యూనిస్ నుంచి షేర్ టాక్సీలో కెలిబియా దాకా పోయి, అక్కడ మరో బండి మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా ఆ బండినే ఆగమని చెప్పండి, ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున ఉంటుంది.